గంజి పలక మీద పంది నెత్తురు

దుత్తలూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో నూలు చీరకు గంజి పెట్టే ప్రతి ఇంటికీ ఒక సంగతి తెలుసు. వేడి మీద గంజి నీళ్లలా పారుతుంది. చిక్కగా కాచి వదిలేస్తే చల్లారి, గిన్నె కదిపినప్పుడల్లా జున్నుముక్కలా వణుకుతుంది. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో పుట్టిన ఆలివర్ స్మిథీస్ కూడా చిన్నప్పుడు వాళ్లమ్మ చొక్కాలకు గంజి పెడుతుంటే ఇదే చూశాడు. 1954 జనవరిలో, టొరంటోలోని కానాట్ ప్రయోగశాలలో ఆయనకు అది గుర్తొచ్చింది. సీరంలోని ప్రోటీన్లను చదివే తీరే అక్కడి నుంచి మారిపోయింది.

అప్పటిదాకా ఆ పని వడపోత కాగితం మీద సాగేది. కాగితాన్ని తడిపి, సీరం చుక్క పెట్టి, కరెంటు పంపితే ఐదు పట్టీలు కనిపించేవి: ఆల్బుమిన్, రెండు ఆల్ఫాలు, బీటా, గామా. స్మిథీస్ గంజి పలక మీద పట్టీలు పదికి అటూ ఇటూ తేలాయి. కాగితం మీద లెక్కకొచ్చేది ప్రధానంగా ప్రోటీను మోసే విద్యుదావేశం. పేరుకున్న గంజిలోనేమో సందులు ఇంచుమించు ప్రోటీను అణువులంతే ఉంటాయి. చిన్నది దూరిపోతుంది, పెద్దది ఇరుక్కుంటూ వెనకబడుతుంది. జల్లెడలో పెట్టిన పరుగుపందెమన్నమాట.

చెప్పినంత తేలిక కాదు చేయడం. బంగాళాదుంప పిండిని ముందు ఆమ్లంతో కొంచెం విరగ్గొట్టాలి. ఎక్కువ విరిగితే పేరుకోదు, తక్కువైతే పోయడానికి రాదు. నూరు మిల్లీలీటర్లకు పన్నెండు, పదిహేను గ్రాముల పిండి వేసి, ఫ్లాస్కును మంట మీద ఆపకుండా తిప్పాలి. ముందు ముద్దలా బిగుస్తుంది, చెయ్యి లాగేస్తుంది. అంతలోనే సడలి, కాస్త పారదర్శకమవుతుంది. సంగటి తెడ్డు తిప్పిన చేతికి ఆ సడలింపు చూడకుండానే తెలుస్తుందని నా నమ్మకం. వెంటనే గాలి పీల్చేసి బుడగలు తీయాలి. ఒక్క బుడగ మిగిలినా ఆ దారిన పోయే పట్టీ వంకర పోతుంది. పలకలో చీలిక కోసి, సీరంలో ముంచిన కాగితపు ముక్క దూర్చి, కొన్ని గంటలు కరెంటు నడిపాక పలకను అడ్డంగా రెండు పొరలుగా కోసి రంగులో ముంచుతారు. రంగు కడిగేస్తే పట్టీలు నల్లగా మిగులుతాయి.

ఈ పలక మీద పెట్టే సీరం కోసం పంది దగ్గర నెత్తురు తీయడం ఇంకో విద్య. దానికి మెడ మీద పైకి కనిపించే నరం లేదు. చిన్నదైతే వెల్లకిలా పడుకోబెట్టి, పెద్దదైతే పైదవడకు ఉచ్చు బిగించి నిలబెట్టి, మెడ కింది పల్లంలోంచి సూది దించి లోపలి పెద్ద సిరను అంచనాతో అందుకోవాలి. అరుపులకు చెవులు గింగురుమంటాయి. తొందరపడి సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ సీరంలోకి దిగుతుంది, హాప్టోగ్లోబిన్ అనే సీరం ప్రోటీనుకు అతుక్కుని పట్టీలను తారుమారు చేస్తుంది. లేత గడ్డిరంగు సీరం చేతికొచ్చిందంటే సూది పట్టినవాడు పనిమంతుడే.

కెనడాకు చెందిన క్రిస్ట్యాన్సన్ 1960లో ఈ గంజి పలకల మీదే పందుల సీరం ప్రోటీన్లు రెండింటి వారసత్వాన్ని చదివాడు. నాకు నచ్చేది ఆయన ఓపిక. ఒక పంది పట్టీలు చూసి ఆగలేదు. తల్లినీ, తండ్రినీ, ఈతలో పిల్లలనూ వరసగా పెట్టి చూశాడు. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌నే తీసుకోండి. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి మరో రకం వచ్చిన పిల్లలో రెండూ కనిపిస్తాయి, ఏదీ దాగదు. ఈ పిల్ల ఫలానా మగపందిది కాదని తేల్చడానికి ఒక్కోసారి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర ఏ పిల్ల ఎవరిదన్న ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టి-17 పందిలో ముప్పాతిక వంతు లార్జ్ వైట్ యార్క్‌షైర్, పాతిక వంతు నాటు రక్తం. ఏది ఎవరి పిల్లో తెలియకుండా అలాంటి వంతులు కట్టలేరు.

అన్నిటికన్నా ముచ్చటైన పలక అప్పుడే పుట్టిన పందిపిల్లది. పంది మావి తల్లి యాంటీబాడీలను కడుపులోని పిల్లకు దాటనివ్వదు. అందుకే పాలు తాగని పిల్ల సీరంలో గామా చోటు దాదాపు ఖాళీ. ముర్రుపాలు తాగితే ఆ యాంటీబాడీలు పేగు గోడ దాటి నేరుగా నెత్తుట్లో కలుస్తాయి. ఒకటిన్నర రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. పుట్టగానే తీసిన సీరాన్నీ, మర్నాడు తీసినదాన్నీ పక్కపక్కన నడిపి చూస్తే, మొదటి దాంట్లో ఖాళీగా ఉన్న చోట రెండో దాంట్లో గామా మరక దట్టంగా పరుచుకుని ఉంటుంది.