గర్భవర్ణనము – స్త్రీల పాటలు : మాతృక్షేమదృష్టితో ఒక పరిశీలన

మహాకావ్యమునకు విహితములైన వర్ణనలలో కుమారోదయ మొకటి. దానికి ముందు గర్భిణి లక్షణములను చెప్పుట మన కవులకు పరిపాటి. మోము తెల్లవాఱును, నడక మందగించును, మట్టిపై మక్కువ పుట్టును. ఈ పద్యములను అలంకారదృష్టితో పరిశీలించినవారు పెక్కురు. ఆ వర్ణనలు తల్లి శరీరమును మనకెట్లు చూపినవి, దేనిని చూడనీయలేదు అను ప్రశ్నను మేమిచట చర్చింపదలచితిమి.

ఇట్టి వర్ణనకు మేలుబంతులలో ఒకటి రఘువంశ తృతీయసర్గము. అందు సుదక్షిణ ముఖము లొద్దుగపూవువలె పాలిపోయినది; మట్టివాసన గల ఆమె మోమును ఆఘ్రాణించి దిలీపుడు తనివినొందడు. పుట్టబోవువాడు భూమినంతయు అనుభవింపనున్నాడు గనుక తల్లి ముందుగా మట్టినే కోరినదని కవి సమర్థనము. వైద్యశాస్త్రము ఈ చిహ్నములను వేఱుగా చదువును. పాలిపోవుట రక్తహీనతకు గుర్తు కావచ్చును. మట్టి తినవలెనను కోరికకు శరీరమున ఇనుము కొఱవడుటతో సంబంధము కలదు. కాళిదాసు చూపు తప్పు కాదు. ఆయన ఉన్నదానిని ఉన్నట్లే కనిపెట్టెను. కాని ఆయన యిచ్చిన హేతువు రమ్యమగుటచేతనే ప్రశ్నను మూసివేసినది. సామ్రాజ్యమునకు శుభసూచకమైన దానికి చికిత్స నెవరు తలపెట్టుదురు? తరువాతివారిలో పెక్కుమంది ఆ హేతువును గ్రహించిరే గాని గర్భిణిని మరల చూడలేదు.

శాస్త్రమును చూతము. సుశ్రుతసంహిత శారీరస్థానము గర్భిణిని రెండు హృదయములు కలదిగా భావించి, ఆమె కోరికలను తీర్పవలెనని విధించినది. తీర్పనిచో శిశువు కుబ్జుడో, జడుడో, వామనుడో యగునని హెచ్చరించినది. దీనివలన ఇంటిలో అందఱి తరువాత తినునామెకు కొన్ని నెలలైనను కోరినది దొరకెను. కాని ఆ హక్కు ఆమెది గాదు, కడుపులోని బిడ్డది. బిడ్డ పుట్టినంతనే అది తీఱిపోవును. రక్తహీనత యన్ననో చాలవఱకు గర్భమునకు ముందే, ఏండ్ల తరబడి కంచమున తక్కువపడిన తిండితో మొదలగును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశపు గర్భవతులలో నూటికి 52.2 మంది రక్తహీనులని తేలినది. ఒక్కనాటి సీమంతవైభవము ఈ లోటును పూడ్పజాలదు.

స్త్రీల పాటలలోని కౌసల్య వేఱు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు స్త్రీల రామాయణపు పాటలను ప్రకటించుటతో ఈ వాఙ్మయము పరిశోధకులకు సుగమమైనది. వాల్మీకి గ్రహస్థితులను పేర్కొని రామజననమును చెప్పగా, ఈ పాటలు వేవిళ్లనుండి పురిటివఱకు తల్లి వెంటనే నడచును. నొప్పులు రాగానే మంత్రసానికి పిలుపు వెళ్లును. ఆమె ఠీవితో వచ్చి కౌసల్య వెన్ను తట్టి ధైర్యము చెప్పును. కౌసల్య పైనుండి వ్రేలాడు త్రాళ్లను పట్టుకొని నిలిచి కనును. వెల్చేరు నారాయణరావు 1991 నాటి వ్యాసమున ఈ పాటలలోని స్త్రీదృష్టిని వివరించిరి. అందు మా ప్రశ్నకు సంబంధించినవి రెండు. మొదటిది, నిలిచి కనుట. ప్రసవించు స్త్రీ తనకు అనువైన భంగిమను, నిలుచుట మొదలగువానిని సైతము, ఎంచుకొనుటను ప్రోత్సహింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. రెండవది, మంత్రసానికి దక్కిన మన్నన. మంత్రసానితనమున కొప్పుకొన్న పిదప ఏది వచ్చినను పట్టవలెనను సామెతలో ఆమె పని పరిహాసమునకు గుఱియైనది. పాటలో ఆమె రాకయే అంతఃపురమునకు ఊఱట.

అయినను ఈ పాటలను వైద్యప్రమాణముగా గొనరాదు. ఇవి మంగళగీతములు; తల్లి మరణమునకు వీనిలో తావు లేదు. దశరథుని నగరిలో మంత్రసాని పిలుపుదూరముననే యుండును. అధికరక్తస్రావమును, సూతికాజ్వరమును ఆపుటకు ఆమె అనుభవ మొక్కటి చాలదు. తల్లుల మరణములను గూర్చి 1994లో థడ్డియస్, మేయిన్ అను విదుషీమణులు మూడు జాగులను నిరూపించిరి: సాయము కోరుటకు నిశ్చయించుటలో జాగు, వైద్యస్థానమును చేరుటలో జాగు, చేరిన పిదప తగిన చికిత్స దొరకుటలో జాగు. చివరి రెండును రోడ్లకు, వైద్యశాలలకు సంబంధించినవి. మొదటిది మాత్రము చాలవఱకు ఇంటి సంస్కృతికి చెందినది. మగని యనుమతికో, అత్తగారి మాటకో, శుభఘడియకో వేచియుండుటలో ప్రాణములు పోవును. పాటలోని కౌసల్య ఎవరి యనుమతికిని వేచియుండలేదు. నొప్పికిని పిలుపునకును నడుమ జాగు లేదు. ఈ పాటల విలువలలో ఇది గొప్పదని మా యభిప్రాయము.

లక్ష సజీవజననములకు 2004–06లో 254గా నున్న మన దేశపు మాతృమరణముల లెక్క 2018–20 నాటికి 97కు తగ్గినది. ఇది వైద్యశాలలలో కాన్పులు పెరిగిన కాలము. తగ్గుదలకు సంతసింపవలసినదే, కాని వైద్యశాలకు పోయిన తల్లికి వెన్ను తట్టి ధైర్యము చెప్పు చేయి కూడ కావలెను. కావున పురిటిపాటలను సేకరించు పరిశోధకవిద్యార్థులు పాఠభేదములతో తృప్తిపడక, పాడినవారు తమ కాన్పులను గూర్చి చెప్పు మాటలను సైతము వ్రాసికొనవలెను. నాట్లు వేయుచు, కోతలు కోయుచు నెలలు నిండిన శ్రమజీవుల పాటలను అంతఃపురపు పాటల ప్రక్క నుంచి చదువవలెను. అపుడే గర్భవర్ణన మను మాటకు, వర్ణింపబడిన గర్భిణితోపాటు, మాటాడు గర్భిణియు అర్థమగును.