మంచి మడత చాకు ఏది?

విద్యార్థులను వెంటబెట్టుకొని చెరువుగట్లకు, కొండవాలులకు మొక్కల పరిశీలనకై వెళ్ళే ఉపాధ్యాయుని సంచిలో భూతద్దము, పాత వార్తాపత్రికలు, దారపుండ, వాటితోపాటు ఒక మడత చాకు తప్పక ఉండును. భూతద్దమును కొనునపుడు అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో అడిగి కొందుము. చాకును కొనునపుడు మాత్రము దాని మెరుపును, బరువును, అందులో ఎన్ని పరికరములున్నవన్న లెక్కను చూచి కొందుము. అంగడివాడు కూడ వాటినే చూపును. అతనిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. మనము అడిగినదే అతడు చూపుచున్నాడు.

ఒకమారు నేనును అట్లే కొన్నాను. ఎనిమిది పరికరములున్న చాకు అది. మరుసటి వారమే తొమ్మిదవ తరగతి బాలుడొకడు దానితో ఎండు వెదురు గొట్టమునకు రంధ్రము చేయబోగా, అలుగు మడతపడి అతని చూపుడువ్రేలు తెగినది. మూడు కుట్లు పడినవి. ఆ చాకు నాది. దాని మొనతో రంధ్రము చేయమని చెప్పినది కూడ నేనే. చాకులో లోపమెంత, నా అజ్ఞానమెంత అని విచారించుటతో ఈ విషయముపై నాకు శ్రద్ధ కలిగినది. ఆ విచారణకై లోకప్రసిద్ధములైన రెండు చాకులను ఎదురెదురుగా నిలిపి పరీక్షించుట మంచిదని తోచినది. ఒకటి ఫ్రాన్సు దేశపు ఒపినెల్, రెండవది స్విట్జర్లండు సైనిక చాకు.

ఒపినెల్ పుట్టినది ఆల్ప్స్ పర్వతప్రాంతమైన సవోయ్‌లో. పనిముట్లు చేయు కుటుంబమునకు చెందిన జోసెఫ్ ఒపినెల్ 1890లో దీనిని రూపొందించినాడు. రైతులు, పశువుల కాపరులు జేబులో వేసికొని తిరుగుటకు చేసిన చాకు ఇది. 1897లో 1 మొదలు 12 వరకు అంకెలతో పన్నెండు పరిమాణములను ఏర్పరచినాడు. 1, 11 అంకెలవి తరువాత మానివేయబడినవి. ఎక్కువగా వాడబడు 8వ నంబరు చాకు అలుగు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మొత్తము చాకులో ఐదే భాగములు: కఱ్ఱపిడి, అలుగు, ఇరుసు, పిడి చివర తొడిగిన పొన్ను, దానిపై తిరుగు మరియొక పొన్ను. ఈ రెండవ పొన్ను 1955లో వచ్చి చేరినది. దాని సంగతి ముందు చెప్పెదను.

స్విస్ చాకు పుట్టుక వేరు. ఆ దేశపు సైన్యము 1889లో కొత్త తుపాకిని స్వీకరించినది. దానిని విప్పుటకు మరతిప్పునది కావలెను. డబ్బాలలో వచ్చు ఆహారమునకు మూత కోయునది కావలెను. కనుక అలుగు, రంధ్రము చేయు మొన, మరతిప్పునది, డబ్బా కోయునది, ఈ నాలుగింటిని ఒకే పిడిలో ఇమిడ్చి చాకు చేయించినారు. ఈబాక్ గ్రామమునకు చెందిన కార్ల్ ఎల్సెనర్ 1891లో వానిని సైన్యమునకు అందించుట మొదలుపెట్టినాడు. 1897లో రెండే స్ప్రింగులతో ఆరు పరికరములను నిలుపు తేలికైన చాకును చేసి హక్కులు పొందినాడు. నేడు ఎఱ్ఱపిడితో మనము చూచు విక్టోరినాక్స్ చాకులన్నియు దాని సంతతివే.

ఒకటి కోయుటకే పుట్టినది. మరియొకటి అనేక పనులకు పుట్టి, కోయుట అందులో ఒకటిగా గలది. విమర్శకు ఈ భేదము ముఖ్యము.

ముందు కోయుటను గూర్చి ఆలోచింతము. పదునైన అంచు వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవ వంతు అనుకొందము. ఒక సెంటీమీటరు పొడవున అది టమాటా తోలుపై ఆనినదనుకొందము. అప్పుడు ఆనిన వైశాల్యము చదరపు సెంటీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. నూరు గ్రాముల బరువు, అనగా సుమారు ఒక న్యూటను బలము, దానిపై మోపితే పీడనము పది కోట్ల పాస్కళ్ళగును. ఇది మన చుట్టునున్న గాలి పీడనమునకు దాదాపు వెయ్యి రెట్లు! చేతిబలము పెద్దది కాదు, అంచు సన్ననిది. మొద్దుబారిన చాకులో ఆ వెడల్పు ఇరువది రెట్లైనచో చేయి ఇరువది రెట్లు నొక్కవలెను. అంత నొక్కిన చేయి జారినప్పుడు ఎక్కడికి పోవునో చెప్పలేము. మొద్దు చాకే ఎక్కువ ప్రమాదకరమనుట ఇందువలననే.

అంచు ఒక్కటే చాలదు. దాని వెనుకనున్న అలుగు మందము కూడ చూడవలెను. అలుగు ఒక చీలిక వంటిది. ఒపినెల్ 8వ నంబరు అలుగు వీపువద్ద కూడ రెండు మిల్లీమీటర్లుండదు. జామకాయనైనను, లేతకొమ్మనైనను అది నిజముగా కోయును. "అడవి చాకు" అను పేరుతో నాలుగు మిల్లీమీటర్ల మందముతో, వీపున రంపపు పండ్లతో అమ్మునవి కోయవు, చీల్చును. దానితో కర్రపెండలమును కోయబోవుడు, సగము దిగులోపలే గడ్డ పటుక్కున విరుగును. ఆ రంపపు పండ్లు కఱ్ఱను కోయవు, కోయుచున్నప్పుడు వీపుపై బొటనవ్రేలు ఆనించనీయవు. అవి బొమ్మకు పెట్టిన అలంకారములని నా అభిప్రాయము. ఇందుకు భిన్నముగా స్విస్ చాకులలో ప్రత్యేకముగా అమర్చిన రంపపుటలుగు మాత్రము చిన్నదైనను మిక్కిలి చక్కగా పనిచేయును. బొటనవ్రేలంత కొమ్మను కోసి చూచినవారికి ఇది తెలియును.

ఇక ఉక్కు. ఇనుములో కర్బనము కొంచెము కలిసినచో ఉక్కు అగునని పాఠ్యపుస్తకములు చెప్పును. ఎఱ్ఱగా కాల్చిన ఉక్కును నూనెలోనో నీటిలోనో ముంచి హఠాత్తుగా చల్లార్చినపుడు కర్బనపు పరమాణువులు బయటికి పోవుటకు వ్యవధి లేక ఇనుప స్ఫటికములో చిక్కుకొనిపోవును. స్ఫటికము బిగుసుకొని గట్టిపడును, కాని గాజువలె పెళుసగును. కనుక సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరల కొంతసేపు వేడిచేసి ఆ పెళుసును తగ్గింతురు. మన కమ్మరులు పాయనము పెట్టుట అనునది ఈ విద్యయే. తెలుగునాట ఈ విద్యకు దీర్ఘచరిత్ర ఉన్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారు.

గట్టిదనమును రాక్‌వెల్ అను మాపుతో కొలుతురు. వజ్రపు మొనను 150 కిలోగ్రాముల బరువుతో నొక్కి, అది ఎంత లోతు దిగినదో చూతురు. స్విస్ చాకు అలుగు ఈ మాపుపై సుమారు 56 వద్ద నిలుచును. 60కి మించిన ఉక్కులు నేడు అనేకము కలవు. వాని వెల కూడ అంతే ఎత్తున ఉండును. వాని ముందు 56 తక్కువని కొందరి విమర్శ. నేను దీనితో ఏకీభవించను. మిక్కిలి గట్టి అలుగు చాలకాలము పదును నిలుపును గాని, అది పోయినపుడు మామూలు సానరాయికి లొంగదు. విద్యార్థుల చాకు రాతికి తగులును, ఇసుకలో పడును, మేకును గీకును. పది నిమిషములలో సాన పట్టుకొనగలిగిన ఉక్కే బడికి తగినది.

ఒపినెల్ రెండు విధముల ఉక్కులతో దొరకును. ఒకటి 0.9 శాతము కర్బనము గల సాదా ఉక్కు, రెండవది క్రోమియము కలిసిన తుప్పుపట్టని ఉక్కు. ఉక్కులో క్రోమియము పది, పన్నెండు శాతము దాటినచో దాని ఆక్సైడు పలుచని పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడును. సాదా ఉక్కు కమ్మని పదును పుచ్చుకొను మాట నిజమే. కాని దానితో మామిడికాయ కోసి, తుడువకుండ అన్నము తిని వచ్చునప్పటికి మచ్చలు పడియుండును. అరటికాయ కోసినచో అలుగు నల్లబడును. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని పదార్థమగుటయే ఇందుకు కారణము. పూర్వము వ్రాతసిరాను చేసినది ఈ రసాయనిక చర్యతోనే. తరగతిలో చూపుటకు ఇంతకంటె సులభమైన ప్రయోగము లేదు. అయినను సంచిలో ఉంచుకొనుటకు, ముఖ్యముగా సముద్రతీర జిల్లాలలో, నేను తుప్పుపట్టని ఉక్కునే ఎన్నుకొందును. ఉప్పుగాలికి అదియు పూర్తిగా అతీతము కాదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి చిన్న గుంటలు చేయును.

అలుగుపై "స్టెయిన్‌లెస్" అని చెక్కియున్నంతమాత్రమున నమ్మరాదు. మన వంటింటి గిన్నెలు స్టెయిన్‌లెస్ స్టీలువే. క్రోమియముతోపాటు నికెలు కలిసిన ఆ రకము ముంచి చల్లార్చినను గట్టిపడదు. దానికి పదును నిలువదు. అయస్కాంతమును పట్టి చూడవచ్చును. అంటనిచో ఆ చాకును అక్కడే వదలి రండి. అంటినంతనే మంచిదని కాదు, మెత్తని ఇనుమునకు కూడ అంటును.

ఇప్పుడు ఆ బాలుని వ్రేలి సంగతికి వత్తును. స్విస్ చాకుల చిన్న రకములలో అలుగునకు గొళ్ళెము ఉండదు. పిడి వెనుకనున్న స్ప్రింగు అలుగు మడమను నొక్కి నిలుపును. అంచుతో కోయునపుడు వస్తువు అలుగును ఇంకను తెరచుకొను దిశకే నెట్టును, అక్కడ ఆనిక ఉన్నది, ప్రమాదము లేదు. మొనతో పొడిచి త్రిప్పినపుడు, లేక వీపుతో కొట్టినపుడు, బలము మూయు దిశకు మళ్ళును. ఇరుసుకు 8 సెంటీమీటర్ల దూరమున మొనపై 20 న్యూటన్ల అడ్డబలము పడినదనుకొందము. ఇరుసుకు అర సెంటీమీటరు దూరమున ఆనుకొన్న స్ప్రింగు దానిని నిలుపుటకు పదునారు రెట్లు, అనగా 320 న్యూటన్లు, ఈయవలెను. ఇది ముప్పదిరెండు కిలోల బరువుతో సమానము. చిన్న స్ప్రింగునకు అది సాధ్యమా? ఆ చాకులో రంధ్రము చేయుటకు వేరొక మొన ఉన్నది. దానిని నేను ఆ బాలునికి చూపలేదు.

ఒపినెల్‌లో 1955 నుండి ఉన్న రెండవ పొన్నును త్రిప్పినచో, అలుగు తిరిగి వచ్చు చీలికకు అది అడ్డుపడును. స్ప్రింగు లేదు, మీట లేదు. గాజువలె తిరుగు ఉక్కు చుట్టు మాత్రమే. ఇసుక పడినను పనిచేయును. ఈ సరళతను నేను ఎంత మెచ్చుకొన్నను తక్కువే. 2000 తరువాత చాకు మూసియున్నప్పుడు కూడ దానిని బిగించు వీలు కల్పించినారు. సంచిలో దానంతటది తెరచుకొనదు. అయితే ఒక లోపము. త్రిప్పుట మరచినచో పొన్ను ఉన్నను లేనట్లే. విద్యార్థులు పది పర్యాయములలో మూడుసార్లు మరతురు. స్విస్ సైన్యము కూడ 2008లో ఎంచుకొన్న కొత్త చాకులో అలుగునకు గొళ్ళెము పెట్టించినది. అది తెరచినంతనే తనంతట పడును. మూయుటకు మాత్రము బొటనవ్రేలితో నొక్కవలెను.

ఒపినెల్ పిడి బీచి కఱ్ఱ. చేతికి హాయిగా ఉండును, చెమటపట్టినను జారదు. కాని వానాకాలమున కఱ్ఱ తేమను పీల్చి ఉబ్బును. అప్పుడు అలుగు చీలికలో బిగుసుకొనిపోయి గోటికి లొంగదు. పిడి అడుగుభాగమును బల్లపై తట్టి అలుగును బయటికి రప్పించు ఉపాయమొకటి ఉన్నది. దానికి ఫ్రెంచివారు సవోయ్ వాసుల పేరే పెట్టినారు! పేరు పెట్టవలసినంతగా ఈ ఇబ్బంది వారికిని ఉన్నదన్నమాట. జూలై నెలలో విహారయాత్రకు వెళ్ళు మనకు ఇది చిన్న దోషము కాదు. స్విస్ చాకు ప్లాస్టిక్ పిడికి ఈ బాధ లేదు. తడిచేతికి మాత్రము కొంత జారును.

ఒక్కటే కొనవలెనన్నచో నా నిర్ణయమిది. ఉపాధ్యాయునికి తుప్పుపట్టని అలుగు గల ఒపినెల్ 7 లేక 8. విద్యార్థులు పంచుకొను సామగ్రిపెట్టెకు ఒక అలుగు, రంపము, వేరుగా రంధ్రపు మొన గల స్విస్ రకము, గొళ్ళెమున్నది. ఇరువదిరెండు పరికరములున్న బండచాకు ఎవరికిని వలదు. జేబులో పట్టనిది అవసరమునకు చేతిలో ఉండదు. ఈ పేర్లే ఉండవలెనన్న నియమము లేదు. మన ఊళ్ళలో అంటుకట్టు తోటమాలులు వాడు చాకులలో మంచివి కలవు. పైన చెప్పిన పరీక్షలకు వానిని నిలిపి చూడవలెను. మీట నొక్కగానే ఎగిరిపడి తెరచుకొను చాకులను బడి గడప దాటనీయకుడు. విమానములో చేతిసంచిలో ఏ చాకునూ తీసికొనిపోనీయరు.

మంచి చాకును పాడుచేయుటకు సులభమైన మార్గము వీధిలో తిరుగు సానచక్రము. చక్రము వేగముగా తిరుగుచు నిప్పురవ్వలు రాల్చుచుండగా అంచు ఎంత వేడెక్కినదో చూడుడు. సాదా ఉక్కుపై నీలిరంగు కనిపించినచో అక్కడ వేడి 300 డిగ్రీలకు చేరినట్లే. పాయనము దిగి ఆ భాగము మెత్తబడినది. మరల ఎంత నూరినను రెండు రోజులలో మొద్దుబారును. నీటితో తడిపిన చదునురాతిపై, అలుగును పదిహేను ఇరువది డిగ్రీల వాలున ఉంచి, రెండువైపుల సమానముగా నెమ్మదిగా నూరుటయే సరి. పని ముగిసిన తరువాత ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేయరాదు; శీతకాలమున అది గడ్డకట్టి, దుమ్ము పట్టి, ఇరుసు బంకబంకగా తయారగును.