ఎరువు తెచ్చుకున్న పాఠం

ఆన్‌లైన్‌లో పాఠాలకు కరువేం లేదు. ఐఐటీల ఎన్‌పీటెల్ ఉంది, కేంద్రం 2017లో తెచ్చిన దీక్ష ఉంది, సైన్సుకు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలున్నాయి. రేపు పొద్దున పుంగనూరులోనో కుప్పంలోనో తరగతి ముందు నిలబడాల్సిన టీచరుకు వీటిలో ఏది పనికొస్తుందో తేల్చుకోవడమే తలనొప్పి.

నేను మొదట చూసేది లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ గుర్తు పక్కన 'ఎన్‌డీ' అని ఉంటే, ఆ పాఠాన్ని ఉన్నదున్నట్టు పంచుకోవచ్చు గానీ తెలుగు చేసి పక్క బడికి ఇవ్వకూడదు. ఒక్క 'బీవై' మాత్రమే ఉంటే, తయారుచేసిన వాళ్ల పేరు చెప్పి ఎలాగైనా మార్చుకోవచ్చు. ఫ్రీగా దొరికిందంటే మనదే అనుకునేవాళ్లు మనలో చాలామంది.

తర్వాత ఫైలు. తెలుగులో మంచి పాఠాలు ఎన్నో యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా పెట్టేశారు. అందులోంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, పిచ్చిగీతలు వస్తాయి. ఒక్క వాక్యం మార్చాలన్నా అంతా మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. దానికంటే యూనికోడ్‌లో ఉన్న సాదా వర్డ్ ఫైలు వెయ్యి రెట్లు నయం.

ఇక అసలు పరీక్ష. లాభనష్టాల వీడియోలో యాపిల్ పండ్లు, డాలర్లు ఉంటాయి. మదనపల్లె పిల్లకు తెలిసింది టమోటా మండీ. వేలంలో రేటు పడిపోయిన రోజు నాయన ఇంటికి ఎలా వస్తాడో కూడా తెలుసు. యాపిల్ తీసేసి టమోటా పెట్టి, కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషన్ కలిపి లెక్క కట్టించగలిగితే ఆ పాఠం తీసుకుంటాను. పశువుల పాఠంలో జెర్సీ ఆవు పక్కన పుంగనూరు పొట్టి ఆవుకూ చోటుండాలి. మార్చడానికి వీల్లేని వీడియో ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను.

పాఠాన్ని మనకు తగ్గట్టు మార్చుకునే ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో వచ్చిందేం కాదు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక నంబరు. గోడమీద మెట్లు మెట్లుగా నిచ్చెన పటం. తాను ఏ మెట్టు మీదున్నదీ పిల్లే చూసుకుని తర్వాతి కార్డు తెచ్చుకుంటుంది. కళ్లం పనులకో జాతరకో వెళ్లి వారం రాకపోయినా, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు. 1990లలో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి చూసి, వెనక్కి వెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే రాసుకున్నారు. కర్ణాటక బడుల 'నలికలి' పద్ధతి అలా పుట్టింది. రిషీవ్యాలీ పాఠం రాష్ట్రం దాటిందంటే కారణం ఇదే: విడదీసి, తిరగరాసి, మళ్లీ అమర్చుకునే వీలు.

కుప్పంలో ఆ వీలు మరీ అవసరం. మూడు రాష్ట్రాలు కలిసే చోటది. ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అక్కడి టీచర్లు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు చూడాలి. అవే బొమ్మలతో అదే కథ చాలాసార్లు మూడు భాషల్లోనూ దొరుకుతుంది.

ఒక్క మనవి. మార్చుకున్న పాఠాన్ని మీ ఫోన్లోనే దాచుకోకండి. ఏ తరగతికి చెప్పారు, ఎంతసేపు పట్టింది, పిల్లలు ఎక్కడ తడబడ్డారు అన్నది కింద రాసి, యూనికోడ్‌లో, దిద్దుకోగలిగే ఫైలుగా పక్క బడి టీచరుకు పంపండి.