స్పానిష్‌లో ఆస్ట్రోనేషియన్ ఆదానపదాలు: మూలమా, మార్గమా?

పశ్చిమాన మడగాస్కర్ మొదలు తూర్పున ఈస్టర్ ద్వీపం దాకా వ్యాపించిన ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో సుమారు 1200 భాషలున్నాయి. ఇవి తైవాన్ నుంచి విస్తరించాయన్న సిద్ధాంతానికి ప్రధానమైన ఆధారం శాఖల అమరికే. రాబర్ట్ బ్లస్ట్ వర్గీకరణలో మూలశాఖలు పది. వాటిలో తొమ్మిది తైవాన్‌కే పరిమితం. ఆ ద్వీపం వెలుపల ఉన్నవన్నీ మలయో-పాలినేషియన్ అనే ఒకే శాఖకు చెందుతాయి. టాగలాగ్, మలై భాషల్లో ‘లిమ’ అంటే అయిదు, మడగాస్కర్‌లో అదే ‘దిమి’. హవాయి భాషలో ‘లిమ’కు చేయి అనే అర్థమూ ఉంది. వేళ్లతో లెక్కించిన నాటి జాడ ఈ మాటలో నేటికీ చెరగలేదు.

ఈ భాషల నుంచి స్పానిష్‌లో చేరిన పదాలను ఒకే పట్టికగా చూపడం పరిపాటి. ఈ పద్ధతి మూలాన్ని చెబుతుంది కాని మార్గాన్ని మరుగుపరుస్తుంది. మన వ్యాకర్తల ‘అన్యదేశ్యం’ అనే విభాగానికీ ఇదే పరిమితి ఉంది. ‘తబూ’ అనే మాటను 1777లో టోంగాలో విని ఇంగ్లీషుకు అందించినవాడు కెప్టెన్ కుక్. స్పానిష్‌కు అది ఇంగ్లీషు ద్వారానే వచ్చింది. పచ్చబొట్టుకు వాడే ‘తతువాహె’ పాలినేషియన్ మూలం కలదే అయినా ఫ్రెంచి నుంచి దిగింది. ‘అడవి మనిషి’ అనే అర్థం గల మలై పదబంధం ‘ఒరంగుతాన్’గా మారినది కూడా ఇతర యూరపు భాషల మీదుగానే. వీటిని స్పానిష్-ఆస్ట్రోనేషియన్ సంపర్కానికి సాక్ష్యాలుగా ఎంచడం పొరపాటు.

నిజమైన సంపర్కం ఫిలిప్పీన్స్‌లో జరిగింది. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ అక్కడ పాలించింది. టాగలాగ్ వేలకొద్దీ స్పానిష్ పదాలను స్వీకరించింది. కిటికీ (బింతానా), చెంచా (కుత్సారా), బల్ల (మేసా) వంటి ఇంటి మాటలు సైతం వాటిలో ఉన్నాయి. స్పానిష్ తిరిగి పుచ్చుకొన్నవి తక్కువ. అవీ ఎక్కువగా స్థానిక వస్తువుల పేర్లే: ‘కరబావో’ (గేదె), ‘అబకా’ (నార), పిడి ఉన్న విసనకర్రకు ‘పాయ్‌పాయ్’. ఈ అసమానతకు భాషల శక్తి కారణం కాదు, పాలకుల స్థానమే కారణం.

దీనికి ఒక అపవాదం ఉంది. 1565-1815 మధ్య మనీలా, అకపుల్కోల నడుమ తిరిగిన ఓడలలో ఫిలిప్పీన్స్ నావికులు పనిచేశారు. మెక్సికో పశ్చిమ తీరాన కొబ్బరి కల్లు తీయడం నేర్పినవారు వారే. కొలిమా ప్రాంతంలో ఆ పానీయాన్ని నేటికీ ‘తుబా’ అంటారు. నిఘంటుకారుల దృష్టి అంతగా నిలవని ఈ పదం, పాలకుల కలం నుంచి గాక కల్లుగీత పనివారి నోటి నుంచి అక్కడ స్థిరపడింది.

‘మాంగో’ను మలై ఖాతాలో వేసే పట్టికల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మెక్సికోలో ఒక రకం మామిడికి ‘మనీలా’ అని పేరు. పండు నడిచిన దారిని ఆ పేరు చెబుతుంది. కాని ‘మాంగో’ మూలం తమిళ ‘మాంగాయ్’. అందులోని ‘మా’ తెలుగు ‘మావి’కి సజాతీయం, ‘కాయ్’ మన ‘కాయ’యే. మలైలో ‘మంగ్గ’ ఉన్నంత మాత్రాన ఇది ఆస్ట్రోనేషియన్ పదం కాజాలదు.