గాలి అడిగే పతంగి

సంక్రాంతి ముందు రోజుల్లో మన ఊళ్లోని ఎనుమాముల పత్తి మార్కెట్ దగ్గర గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి తలెత్తనక్కర్లేదు, రోడ్డు వారన చూస్తే చాలు. యార్డుకు పత్తి తెచ్చే బండ్ల నుంచి రాలిన పోచలు అక్కడ పడి ఉంటాయి. పోచ కదలకుండా ఉంటే గాలి లేనట్టు. నెమ్మదిగా దొర్లుతుంటే పల్చటి గాలి. లేచి కంపకు చిక్కుకుని రెపరెపలాడుతుంటే గట్టి గాలి. పతంగి కొనే ముందు ఈ ఒక్క చూపు చూసుకున్నవాడికి సగం పని అయినట్టే.

మనం చేసేది వేరు. దుకాణంలో ముందు రంగు చూస్తాం, తర్వాత ధర అడుగుతాం. గాలి సంగతి డాబా ఎక్కాకే గుర్తొస్తుంది. అప్పుడు పతంగి లేవకపోతే దాన్ని తిట్టుకుంటాం. నిజానికి పతంగిని ఎంచుకోవడమంటే ఆ పూట గాలి ఏమడుగుతోందో వినడమే.

లెక్క తేలికైనదే. గాలి పల్చగా ఉంటే పెద్ద పతంగి కావాలి. కాగితం పల్చగా, అడ్డపుల్ల సన్నగా, వంచితే ఇట్టే వంగేలా ఉండాలి. గాలి గట్టిగా ఉంటే చిన్న పతంగి, బిగువైన పుల్ల, అంచు మడతలో దారం పెట్టి అతికించిన కాగితం మేలు. ఆ దారం లేకపోతే జోరు గాలికి అంచు చిరుగుతుంది. జనవరి పొద్దున మంచు తెరలో గాలి సద్దుమణిగి ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక ఊపందుకుంటుంది, పొద్దు వాలేసరికి మళ్లీ తగ్గుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒక్క సైజు కట్ట కొనరు. రెండు మూడు రకాలు కలిపి తెచ్చుకుంటారు.

కొనేటప్పుడు పతంగిని వెలుగుకు ఎత్తి పట్టాలి. నిలువు పుల్ల మధ్యలో కణుపు ఉబ్బెత్తుగా ఉందా, అడ్డపుల్ల రెండు వైపులా ఒకేలా వంగుతోందా, కాగితానికి ఎక్కడైనా సూది మొనంత చిల్లు ఉందా అన్నవి అప్పుడే కనిపిస్తాయి. నిలువు పుల్ల మరీ బిగుసుకుని ఉంటే దాన్ని తల మీద ఆనించి రెండు చేతులతో మెల్లగా వంచుతారు. చూసేవాళ్లకు అది ఆటలా ఉంటుంది, వంచేవాడు మాత్రం పుల్ల ఎంతవరకు ఓర్చుకుంటుందో చెవితో వింటుంటాడు.

ఆ తర్వాత సూత్రం, అంటే పతంగిని దారానికి కలిపే కట్టు. పుల్లలు రెండూ కలిసే చోట ఒక ముడి, కింద తోక వైపు ఇంకో ముడి వేస్తారు. పై దారం కంటే కింది దారం అర అంగుళం పొడవు ఉంచడం చాలామంది అలవాటు. కింది దారం పెరిగేకొద్దీ పతంగి ముక్కు మన వైపు ఒరుగుతుంది, గాలికి తక్కువ ఎదురు నిలుస్తుంది. గట్టి గాలికి ఆ ఒంపు కావాలి, పల్చటి గాలికి తగ్గించాలి. చివరగా సూత్రం పట్టుకుని వేలాడదీసి చూస్తారు. ఒక రెక్క పైకి లేస్తే అటు వైపు చిన్న కాగితం ముక్క చుట్టి కడతారు. చిన్నపిల్లల పతంగికి తోక కట్టి ఇస్తే నిలకడగా ఎగురుతుంది.

తోక లేని పతంగిలో అసలు నేర్పు ఉంది. దారం గుంజితే అడ్డపుల్ల వెనక్కి వంగుతుంది, పతంగి పడవ అడుగులా మారి ముక్కు ఎటుంటే అటే దూసుకుపోతుంది. ఢీల్ ఇస్తే, అంటే దారం వదిలితే, పుల్ల చాపుకుంటుంది, పతంగి చదునై నిలకడ తప్పి గిర్రున తిరుగుతుంది. తిరిగే ముక్కు మనకు కావలసిన దిక్కుకు వచ్చిన క్షణంలోనే మళ్లీ గుంజాలి. ‘అన్నా, ఢీల్ ఇడువు!’ అని దారం చుట్టిన చరఖా పట్టుకున్న తమ్ముడు అరిచే అరుపు వెనుక ఇంత లెక్క ఉంది.

పతంగి లాగుతుంటే పలక మీద నిలబడి సముద్రంపై దూసుకుపోయే కైట్‌బోర్డింగ్ ఆటలో పతంగిని ఎంచుకునే తీరూ ఇదే. ఆ ఆటలో వాడే గాలి నింపే పతంగికి ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో, డొమినిక్ లెగాన్యూ సోదరులు 1984లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు. ఆ ఆట 2024 పారిస్ ఒలింపిక్స్‌కు చేరింది. కైట్‌బోర్డింగ్‌లో కూడా సాధారణంగా తక్కువ గాలికి 12 చదరపు మీటర్లు, అంతకు మించినవి, ఎక్కువ గాలికి 9, 7 చదరపు మీటర్లవి తీస్తారు. ఆడేవారి బరువునూ లెక్కలోకి తీసుకుంటారు. చేతిలోని కడ్డీని ముందుకు తోస్తే పతంగి వంపు మారి లాగుడు తగ్గుతుంది. మనం నేల మీద సూత్రంలో ముందే ముడి వేసి ఉంచే ఒంపును వాళ్లు నీటి మీద పరుగెడుతూ మారుస్తారు.

పతంగి కుదిరాక దారం సంగతి. ఇక్కడ మాత్రం బేరం లేదు. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. అయినా చాటుమాటుగా అమ్ముతూనే ఉన్నారు. అది తెగదు. తెగనందుకే బండి మీద వెళ్లేవారి గొంతుకు, కొంగ రెక్కకు చుట్టుకుని కోస్తుంది. కొమ్మకు చిక్కితే పండగ పోయిన ఎన్నో నెలలకు కూడా పిట్టకు ఉరిగా వేలాడుతుంది. నూలు దారం అలా కాదు. బరువు పడితే తెగుతుంది, వానకు నాని కుళ్లిపోతుంది. గాజుపొడి పూయని సాదా నూలు దారంతోనూ పేంచ్ వేయవచ్చు, అంటే ఎదుటివారి పతంగితో పోటీ పడవచ్చు. అప్పుడు గెలుపు దారం పదునుది కాదు, గుంజడంలో, ఢీల్‌లో చెయ్యి చూపిన నేర్పుది.

తెగడం పతంగి ఆటలో ఓటమి ఒక్కటే కాదు. మన డాబా మీద తెగిన పతంగి నాలుగు వీధుల అవతల, కొనుక్కునే స్తోమత లేని పిల్లవాడి చేతికి అందుతుంది. తెగే దారం ఉంటేనే ఆ పండగ వాడికీ చేరుతుంది.

పత్తి బస్తాలతో నిండే ఊరు మనది. రైతు ఎండకు ఎండి, చెయ్యి గీసుకుంటూ ఏరి తెచ్చిన పత్తి మన గుమ్మం ముందు నుంచే యార్డుకు పోతుంది. ఆ పత్తి పోచే మనకు గాలి ఎలా ఉందో చెబుతుంది. ఆ పత్తి నూలే మన పతంగిని పట్టి ఉంచాలి.