అపాత్రదానం: తెలుగు క్రైస్తవ రచనలో ‘కృప’

తెలుగు క్రైస్తవ వాఙ్మయాన్ని రెండు రకాలుగా చదవడం మన తెలుగు శాఖల్లో పరిపాటి. అది పాదిరీల తెలుగు, అనువాదపు వాసన వదలని తెలుగు అని పక్కన పెట్టడం ఒకటి. పేరు మార్చుకున్న మన భక్తి కవిత్వమే అది అని మెచ్చుకోవడం మరొకటి. మొదటివారు చదవకుండా తీర్పు చెబుతున్నారు, రెండవవారు సగం చదివి చెబుతున్నారు. ఆ వాఙ్మయానికి ఆయువుపట్టు అయిన ఒక్క బోధను, విశ్వాసం ద్వారా కృపచేత రక్షణ అనే బోధను, తెలుగు మాటలు ఎలా మోశాయో పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవని మా వాదన.

బోధ సారాంశం ఇది. మనిషి తన పుణ్యకార్యాల వల్ల దేవుని ఎదుట నీతిమంతుడు కాలేడు. దేవుడు తన దయ చొప్పున ఇచ్చే రక్షణను నమ్మి అందుకోవడమే మనిషి వంతు. పౌలు రోమీయులకు, గలతీయులకు, ఎఫెసీయులకు రాసిన పత్రికల్లో దీనిని వాదించాడు. 1517లో మొదలైన సంస్కరణోద్యమానికి మార్టిన్ లూథర్ దీన్నే పునాది చేశాడు. తెలుగు అచ్చు చరిత్రకూ దీనికీ సంబంధం ఉంది. మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు ప్రశ్నోత్తర గ్రంథం 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. అంటే ఈ బోధ తెలుగు అచ్చులోకి వచ్చింది తెలుగునేలకు వెలుపలే.

ఎఫెసీయుల పత్రిక రెండవ అధ్యాయం ఎనిమిదవ వచనాన్ని మన విద్యార్థులు తమ చుట్టూ ఉన్న భాషల్లో కూడా చూడాలి. తెలుగులో కృప, విశ్వాసం, రక్షణ అనే మాటలు ఉన్నాయి. తమిళంలో కిరుబై, విసువాసం, ఇరట్చిప్పు అదే దారిలో నడుస్తాయి. కన్నడం కృపె, రక్షణె అంటూనే విశ్వాసానికి ‘నంబికె’ అనే దేశ్యపదం ఎంచుకుంది. ఒడియా అనుగ్రహం, పరిత్రాణం అంటుంది. మరాఠీ ‘తారణ్’ అంటుంది. మరాఠీలో ఆ మాటకు అప్పుకు పెట్టే హామీ అనే అర్థం కూడా ఉంది. మూలం ఒక్కటే అయినా ప్రతి భాషా తన బతుకులోంచి ఒక నీడను ఆ బోధ మీద వేసింది.

తెలుగు వేసిన నీడ ఏమిటి? ‘విశ్వాసం’ అంటే మనకు నమ్మకం మాత్రమే కాదు. తిన్న ఉప్పుకు కట్టుబడి ఉండటం కూడా విశ్వాసమే. కుక్కకు విశ్వాసం ఉంటుందంటాం, ద్రోహిని విశ్వాసఘాతకుడంటాం. ఈ అర్థంలో విశ్వాసం కృపకు బదులు తీర్చే చాకిరీ అవుతుంది, అంటే మళ్లీ ఒక క్రియే. పౌలు కాదన్నది సరిగ్గా దానినే. అయితే తెలుగు బైబిలు నామవాచకంగా విశ్వాసాన్ని వాడినా, క్రియగా ‘నమ్ము’ అనే వాడుక మాటను విరివిగా వాడింది. చేతులు చాచి ఆనుకోవడం ఆ మాటలో ఉంది. ఈ రెండు మాటలనూ కలిపి చదివితేనే అర్థం తిన్నగా నిలుస్తుంది.

‘తీర్చు’ అనే క్రియ ఇంకా లోతైనది. తీర్పు తీరుస్తాం, అప్పు తీరుస్తాం, తీర్చి దిద్దుతాం. రోమీయుల పత్రిక మూడవ అధ్యాయంలో ‘నీతిమంతులని’ తీర్చబడటం ఉంది, అయిదవ అధ్యాయంలో ‘నీతిమంతులముగా’ తీర్చబడటం ఉంది. ‘అని’ వస్తే అది న్యాయస్థానంలో చెప్పిన తీర్పు. ‘గా’ వస్తే మనిషే మారినట్టు ధ్వని. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడిగా మలుస్తాడా అన్నదే లూథరన్లకూ కతోలికులకూ మధ్య శతాబ్దాల తగవు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉభయులూ సంతకం చేసిన ఉమ్మడి ప్రకటనలో, ఈ రెండు పార్శ్వాలనూ విడదీయరాదని ఒప్పుకున్నారు. అనువాదకులు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, తెలుగు వాక్యం ఒకే క్రియలో రెండింటికీ చోటిచ్చింది. దీన్ని అనువాదపు తెలుగు అని కొట్టిపారేయడం ఎలా?

ఇక ‘ఉచితం’. సంస్కృతంలో అది తగినది అని అర్థం, ఔచిత్యం అందులోంచే వచ్చింది. తెలుగులో, కన్నడంలో అది వెల లేనిది కూడా. రోమీయుల పత్రిక తెలుగులో ఈ మాట రెండవ అర్థంలో వస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. మన నీతిశాస్త్రం పాత్రత చూసి దానం చెయ్యమంటుంది, అపాత్రదానాన్ని దోషమంటుంది. పౌలు చెప్పే కృప అపాత్రదానమే. తగనివారికి ఇవ్వడమే దాని స్వభావం. ఉచితంగా దొరికేది ఉచితం కానివారికి దొరుకుతోంది. దానం గురించి మన సంప్రదాయం నేర్పిన లెక్కను ఈ బోధ తలకిందులు చేస్తుంది.

ఈ తలకిందులును పాటలోకి తెచ్చిన కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన ఈయన కీర్తనలు సంఘభేదాలు లేకుండా తెలుగు క్రైస్తవులందరూ పాడుకుంటారు. పల్లవి, చరణం, రాగం, తాళం అన్నీ మనకు తెలిసినవే. ‘త్రాహిమాం’ అని మొదలయ్యే కీర్తనలో శరణాగతి పరిభాష స్పష్టం. అందుకే భక్తి కవిత్వమే అనే మాట పుట్టింది. కృపను మన సంప్రదాయం ఎరగదని మేము అనడం లేదు. తెంగలై వైష్ణవుల మార్జాల కిశోర న్యాయం, పిల్లి తన కూనను నోట కరుచుకుని పోయే ఉపమానం, మనిషి ప్రయత్నం లేని కృపనే చెబుతుంది. రుడాల్ఫ్ ఆటో 1930లో ఈ పోలిక మీద ఒక గ్రంథమే ప్రచురించాడు.

తేడా వేరేచోట ఉంది. చెరలో ఉన్న రామదాసు తాను చేయించిన నగలను లెక్కపెట్టి రాముడిని నిలదీస్తాడు. అది చనువు, గొప్ప కవిత్వం. చౌదరి కవికి చూపడానికి లెక్క లేదు. ఉన్నది నేరం ఒక్కటే. ఆయన నిలబడ్డది గుడి ముందు కాదు, తీర్పు ముందు. అక్కడినుంచి విడుదల సిలువ అనే సంఘటన మీద ఆధారపడింది. పరిభాష భక్తిదే, వ్యాజ్యం మాత్రం పౌలుది.

ఈ కీర్తన సంప్రదాయంలో ఒక లోపం కూడా చెప్పాలి. పాపినని చెప్పుకోవడం తరువాతివారి చేతుల్లో ఒక వాడుక అయిపోయింది. ఎంత నీచుడినని పాడితే అంత యోగ్యత అన్నట్టు, దైన్యమే కొత్త పుణ్యమయింది. కృప కొట్టేసిన లెక్కను దొడ్డిదారిన మళ్లీ తెరవడమే ఇది.

పాత్రత ప్రశ్న కవిత్వంతో ఆగదు. 1876–78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, వారిలో అత్యధికులు మాదిగలు. కరవు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపిన మిషనరీ క్లౌ, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదనుకున్నాడు. గుడి గడప కూడా తొక్కనివ్వని సమాజంలో, అర్హత అడగని దేవుడనే మాట వినడానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. జాషువా ‘గబ్బిలం’ (1941)లో అరుంధతీసుతుడు తాను పోలేని ఆలయంలోకి గబ్బిలాన్ని పంపుతాడు. జాషువా అక్కడ ఈ బోధ చెప్పడం లేదు. కానీ దయకు కావలి కాసేవాడెవడన్న ప్రశ్న మాత్రం అదే. ఆ ప్రశ్న కులాన్ని బల్లల వరుసల్లో నిలుపుకున్న చర్చిలకూ తగులుతుంది.

తెలుగు బడి లేని ఊళ్లలో కొందరు విద్యార్థులకు చేతికందే తెలుగు పుస్తకం ఇంట్లో ఉన్న బైబిలో, కీర్తనల పుస్తకమో అవుతుంది. ఆ భాషకు సిగ్గుపడనక్కరలేదు, దాన్ని భక్తితో మూసిపెట్టనూ అక్కరలేదు. ‘ఎంచు’ అనే మాటను నిఘంటువులో చూడండి. వాడుకలో మనం ఎంచేది ఎదుటివాడి తప్పులను. రోమీయుల పత్రిక నాలుగవ అధ్యాయంలో నమ్మకాన్ని నీతిగా ఎంచుతారు. ఒక్క క్రియ దిశ మార్చుకోవడం గమనించినవారికి ఆ బోధ ఏమంటున్నదో తెలిసినట్టే. నమ్మడం, నమ్మకపోవడం తరువాతి సంగతి.