డిజిటల్ కథనం – కళాశాల అసైన్‌మెంటు: మూల్యాంకన ప్రమాణాల పరిశీలన

వ్యాససంగ్రహం:
అనుభవాన్ని సొంత గొంతుతో చెప్పి, ఛాయాచిత్రాలతో కూర్చే లఘు దృశ్యరూపం డిజిటల్ కథనం. శిబిరాలలో పుట్టిన ఈ ప్రక్రియ కళాశాల అసైన్‌మెంటుగా మారినప్పుడు విద్యార్థి స్వరానికి దక్కుతున్న స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ కథనం, మూల్యాంకనం, మాండలికం, కథావలయం.

1. ఉపోద్ఘాతం:
1990లలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్, నీనా ముల్లెన్ ప్రభృతుల కృషితో ఈ ప్రక్రియ రూపుదిద్దుకొంది. తరువాత బర్క్‌లీ కేంద్రంగా సాగిన వీరి శిబిరాలు తమ జీవితంలోని ఒక ఘట్టాన్ని చెప్పదలచిన సామాన్యులకోసం ఏర్పడినవి. 2001లో బి.బి.సి. ప్రారంభించిన ‘కాప్చర్ వేల్స్’ కూడా ఇదే మార్గాన నడిచింది. స్వయంగా రాసుకొన్న ప్రతి, సొంత గొంతు, ఇంట్లోని పాత ఫొటోలు, కొద్ది నిమిషాల నిడివి ఈ కథనానికి ఆధారాలు.

2. ప్రమాణాలలో మార్పు:
బర్క్‌లీ సంప్రదాయం ఏడు అంశాలను పేర్కొంది: దృక్కోణం, నాటకీయ ప్రశ్న, భావోద్వేగం, స్వరమనే కానుక, నేపథ్యధ్వని, క్లుప్తత, గమనం. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వీటిని విద్యావసరాలకు అనువుగా పది అంశాలు చేసింది. ఆ పట్టికలో భావోద్వేగం ప్రత్యేకాంశంగా లేదు. ‘స్వరమనే కానుక’ స్థానంలో ‘స్వర స్పష్టత’ వచ్చింది. చిత్రాల నాణ్యత, వ్యాకరణ శుద్ధి కొత్తగా చేరాయి. చారిత్రక, బోధనాత్మక కథనాలకు కూడా వర్తించవలసిన పట్టికలో ఈ మార్పు సమంజసమే. అయితే స్పష్టతకు మార్కులు వేయవచ్చు, కానుకకు వేయలేము. స్వీయానుభవ కథనానికి కూడా ఈ పట్టికనే కొలబద్ద చేస్తే కొలవడానికి వీలైనదే విలువైనదిగా మిగులుతుంది.

3. తెలుగు తరగతి – మాండలికం:
తెలుగు తరగతిలో ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకాకుళం విద్యార్థిని తన అమ్మమ్మ కథ చెబుతుందనుకొందాం. వ్యాకరణ శుద్ధి అంటే పాఠ్యపుస్తక భాష అని ఉపాధ్యాయుడు భావిస్తే, ఆమె అమ్మమ్మ మాటలను కూడా మార్చి చదువుతుంది. అప్పుడు ఫొటోలో అమ్మమ్మ ఉంటుంది, గొంతులో ఉండదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాండలికంలో రాసిన కథలను ఆదరించిన సాహిత్యలోకం విద్యార్థి మాండలికాన్ని దోషంగా లెక్కించడం అసంగతం.

4. కథావలయం – శ్రోత:
శిబిరాలలో చిత్రాల కూర్పుకు ముందే అందరూ వలయంగా కూర్చొని ఒకరి కథ ఒకరు వింటారు. కథ చెప్పేవారికి ఊ కొట్టేవారు ఉండాలన్న తెలుగువారి అనుభవం దీనికి దగ్గరిది. ఎక్కడ ఊ ఆగిపోయిందో అక్కడ కథ తడబడిందని చెప్పేవారికి తెలుస్తుంది. అసైన్‌మెంటులో ఈ దశను వదిలేస్తే విద్యార్థి ఒంటరిగా చేసిన వీడియోకు మార్కులు వేసే ఉపాధ్యాయుడే ఏకైక శ్రోత అవుతాడు. శిబిరానికి వచ్చేవారు ఇష్టపడి వస్తారు. తరగతిలో కథనం నిర్బంధం. మార్కులకోసం ఇంటి దుఃఖాన్ని బయటపెట్టవలసిన స్థితి విద్యార్థికి రాకూడదు.

5. ముగింపు:
ఈ అసైన్‌మెంటు విలువ సాఫ్ట్‌వేర్ నైపుణ్యంలో లేదు. విన్నవారి స్పందనతో విద్యార్థి తన ప్రతిని తిరగరాసుకోవడంలో ఉంది. అందువల్ల తొలి ప్రతికి, తుది ప్రతికి మధ్య వచ్చిన పరిణతిని మూల్యాంకనంలో ప్రధానంగా గుర్తించాలి. మాండలికానికి మార్కులు తగ్గించకూడదు. వ్యక్తిగతం కాని వస్తువును ఎంచుకొనే వీలు, బహిరంగ ప్రదర్శనను నిరాకరించే హక్కు విద్యార్థికి ఉండాలి. ఇవి లేనప్పుడు తరగతిలో మిగిలేది వీడియో తయారీ మాత్రమే.